గంగారత్నం గారి ఎత్తు పీట

గంగారత్నం గారు ఎవరి చేయీ పట్టుకుని లేవరు. హిందీ మాట్లాడే ప్రాంతంలోని కిరండుల్ గనుల కాలనీలో మా పక్క క్వార్టర్ ఆవిడది. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పినా ఆ పట్టుదల మాత్రం అరగలేదు. హాల్లో పాత సోఫాలో కూర్చుంటే నడుందాకా కూరుకుపోయేవారు. నేను చేయి అందిస్తే, "నాకేం, ఇంకాసేపు కూర్చుంటాను, వార్తలొస్తున్నాయి" అనేవారు. ఆ హిందీ వార్తల్లో ఆవిడకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

శ్రావణ శుక్రవారం పేరంటానికి కాలనీ ఆడవాళ్లందర్నీ పిలిచారు. అంతమంది ముందు తనని ఎవరో బావిలోంచి తోడినట్టు లాగితే ఆవిడకి తల కొట్టేసినట్టే. అందుకని ఆలోగా కొత్త సోఫా రావాలని పట్టుబట్టారు.

ముందు జగదల్‌పూర్ పట్నం వెళ్లాం. దుకాణంలో ప్రతి సోఫా మీదా కూర్చున్నారు, ప్రతిదీ ఆవిణ్ణి మింగేసింది. సేల్స్‌మన్ ఉత్సాహంగా వెనక్కి వాలే కుర్చీ ఒకటి చూపించాడు.

"పడుకోవడం నాకొచ్చు నాయనా, లేపేది చూపించు" అన్నారావిడ. అతనికి తెలుగు రాదు కాబట్టి ఇంకాస్త వాల్చి చూపించాడు.

చివరికి మా బజారులోని వడ్రంగి బుధ్రాకి చెప్పి చేయించుకుందామన్నారు. "ఏవండీ, కూర్చునే పీట బాగా ఎత్తుగా ఉండాలని చెప్పండి" అని భర్త గవర్రాజు గారిని పంపారు.

గవర్రాజు గారు పొట్టిమనిషి, మాట మాత్రం పొడుగు. తుని నుంచి వచ్చి గనిలో ఉద్యోగం చేస్తూ హిందీ తనంతట తానే నేర్చుకున్నారు. తెలుగు మాటకి ఒక వత్తు తగిలిస్తే హిందీ అయిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే బుధ్రా దగ్గర, "పీఠ్ ఊంచీ చాహియే. బహుత్ ఊంచీ!" అని ఆజ్ఞాపించి వచ్చారు. ఆ రోజు నేను పక్కనుంటే ఆయన నోరు మూసేదాన్ని.

పేరంటానికి ముందురోజు సోఫా వచ్చింది. గుమ్మంలో పట్టక పక్కకి వాల్చి లోపలికి తోశారు. నిలబెట్టాక చూస్తే, వెనక ఆనుకునే చెక్క గవర్రాజు గారి నెత్తి దాటి, కిటికీని మూసేసి, కేలండరుని సగం మింగింది. కూర్చునే చోటు మాత్రం పాతదానికంటే పల్లంగా ఉంది.

"ఆప్‌హీ నే బోలా థా, సాబ్. పీఠ్ ఊంచీ" అని, చెప్పింది మీరేగా అన్నట్టు బుధ్రా గర్వంగా తన వీపు తట్టుకుని చూపించాడు.

నాకు నవ్వాగలేదు. "హిందీలో పీఠ్ అంటే వీపండీ" అన్నాను.

"సంస్కృతంలో పీఠమంటే కూర్చునేదే!" అన్నారు గవర్రాజు గారు.

"బుధ్రా సంస్కృతంలో చెక్కడండీ" అంది గంగారత్నం గారి గొంతు. ఆ గొంతులో ఏడుపుంది. మర్నాటి పేరంటం ఆవిడ కళ్ల ముందు కనబడుతోంది మరి.

కళ్లు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, బుధ్రా ముందు నిలబడి తన పిరుదు మీద ఫెడీమని చరుచుకున్నారు. "యే! యే ఊంచా! వెనకది కాదు నాయనా, ఇది!"

ఇన్నేళ్ల గవర్రాజు గారి హిందీకి లొంగని పని ఆ ఒక్క దెబ్బకి అయిపోయింది. బుధ్రా పకపకా నవ్వి, దిమ్మలు తెచ్చి సోఫా కాళ్ల కింద బిగించాడు. ఆవిణ్ణి కూర్చోమని, లేవమని, ఇంకో దిమ్మ వేసి మళ్లీ కూర్చోమని, చీకటి పడకముందే తేల్చేశాడు. వీపు చెక్క ఇంకా పైకెళ్లి కేలండరుని పూర్తిగా మింగేసింది. మింగితే మింగనీ అన్నారావిడ.

శుక్రవారం ఇల్లు నిండిపోయింది. ఎదురింటి ఊర్మిళ వెళ్తానని లేవగానే గంగారత్నం గారు తాంబూలం పళ్లెంతో తనూ లేచారు. ఎవరి చేయీ పట్టుకోలేదు. ఎవరూ గమనించనూ లేదు. ఆవిడకి కావలసిందీ అదే. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

అందరూ వెళ్లాక గవర్రాజు గారు వచ్చి, ఎగిరి ఆ సోఫా ఎక్కి, దర్జాగా వెనక్కి జరిగి కూర్చున్నారు. కాళ్లు నేలకి అందలేదు. ముందుకి జరగబోతే నున్నటి టేకు మీద చేతులు జారి పట్టు దొరకలేదు. కాసేపు గాల్లో కాళ్లాడించి, "రత్నం, కాస్త చెయ్యియ్యవే" అన్నారు మెల్లగా.

"మీకేం, ఇంకాసేపు కూర్చోండి, వార్తలొస్తున్నాయి" అన్నారావిడ, చేయి అందిస్తూనే.