సులోచన టీచర్‌కు చేరిన చాటుమాట

ఇది చదివాక మీరు నాతో మాట్లాడటం మానేసినా నేనేమీ అనుకోను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, అదీ నాకు పాట నేర్పిన మనిషిని, ఒక్క వేలి నొక్కుతో ఎలా నొప్పించాలో కనిపెట్టిన ఘనుణ్ని నేను. కనిపెట్టడమే కాదు, అందుకు కావలసిన సరంజామా అంతా ఆరు ఆదివారాలు నిద్ర మానుకుని నేనే సొంతంగా కట్టాను.

మాది సికింద్రాబాద్‌లో ఒక చర్చి క్వయర్. ఇరవై ముగ్గురం పాడతాం, అందులో పది మందికి పాట వచ్చు. ప్రాక్టీసు వేళలు, పాటల కాగితాలు, పుట్టినరోజు కేకుల ఫోటోలు అన్నీ ఒక పెద్ద కంపెనీవాళ్ల యాప్‌లో గ్రూపు పెట్టుకుని నడుపుకునేవాళ్లం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అంటారు కదా, ఆ కత్తిపీటను నేనే.

ఒకరోజు మోండా మార్కెట్‌లో అల్లం బేరమాడి ఇంటికి వచ్చేసరికి ఫోన్‌లో అజీర్తి మందు ప్రకటన ప్రత్యక్షమైంది. అంతే, నాకు జ్ఞానోదయమైపోయింది. ఆ గురువారం ప్రాక్టీసు అయ్యాక లేచి నిలబడి ముప్పావుగంట మాట్లాడాను. మన మాటలు కంపెనీల సొత్తు కాకూడదన్నాను. మన వేదికను మనమే నడుపుకోవాలన్నాను. రెండుసార్లు బల్ల కూడా గుద్దాను.

నా పక్క కుర్చీలో పాడే శామ్యూల్ ఒక్కడే అడ్డం పడ్డాడు. వాడికి రెజిమెంటల్ బజార్‌లో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది.

"ఇప్పుడున్నదానికి ఏమైందిరా? మంచిగనే నడుస్తుంది గదా."

"అది మనది కాదురా శామ్యూలూ."

"నా దుకాణం సుత నాది కాదు, కిరాయిది. అయినా మిక్సీలు బాగైతలేవా?"

ఇలాంటి వెనకబడిన మనుషులతో వాదించడం దండగని ఊరుకున్నాను. ఆరు వారాల్లో 'మన గల్లీ' అనే ఫోరం పుట్టింది. ఇందులో గొప్ప ఏమిటంటే, అందరూ ఒకే కంపెనీ గొడుగు కింద ఉండరు. ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో తమ ఫోరం పెట్టుకుంటారు, ఒక ఫోరంవాళ్లు ఇంకో ఫోరంవాళ్లకు ఉత్తరాలు రాసుకుంటారు. మాది చూసి ముచ్చటపడి గుంటూరులో మాకు తెలిసిన చర్చివాళ్లు కూడా ఒకటి తెరిచారు. నాకు పాట నేర్పిన సులోచన టీచర్ పుట్టింది గుంటూరులోనే. చిన్ననాటి స్నేహితురాళ్లంతా అక్కడున్నారని ఆవిడ తన ఖాతా అక్కడే పెట్టుకున్నారు.

"ఇక్కడ పాడుతూ అక్కడ ఖాతా ఏమిటి అనుకోవుగా, బాబీ?" అని అడిగారు నన్ను.

"మీరెక్కడున్నా మా ఉత్తరం మీకు చేరుతుంది టీచర్," అన్నాను ధీమాగా. ఇంతకన్నా నిజమైన మాట నా జన్మలో అనలేదు.

ఫోరానికి పదకొండు రూల్స్ రాశాను. వాటిలో రెండు మీకు తెలియాలి. నాలుగో రూలు: చాటుగా రాసుకునే ఉత్తరంలోనైనా సరే, ఎవరి పేరు ముందు @ గుర్తు పెడితే వాళ్లకూ ఆ ఉత్తరం వెళుతుంది, కాబట్టి జాగ్రత్త. దీన్ని క్వయర్‌లోని పెద్దవాళ్లకు మూడుసార్లు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆరో రూలు: ఒకరికి చేరిన ఉత్తరాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఎవరూ, అడ్మిన్ అయినా సరే, తీసేయకూడదు. ఇది రాసిన రోజు అద్దంలో నన్ను నేను చాలాసేపు చూసుకున్నాను. గుంటూరువాళ్లు మా రూల్స్‌ను పొల్లు పోకుండా దించుకున్నారు.

ఇక అసలు సంగతి. ప్రతి గుడ్‌ఫ్రైడేకి ఒక పాటను సులోచన టీచర్ ఒక్కరే పాడతారు. ఇరవై ఏళ్లుగా ఆ పాట ఆవిడదే. వాళ్లాయన మాస్టారు చనిపోయిన ఏడాది కూడా ఆవిడ వచ్చి పాడారు. అయితే ఈ మధ్య పాట చివర్లో వచ్చే పై స్వరం ఆవిడకు అందడం లేదు. ఆ వారమంతా సభ్యుల జాబితాలు తయారుచేస్తూ ప్రతి పేరుకూ @ తగిలించడం నాకు అలవాటైపోయింది. అదే చేత్తో శామ్యూల్‌కు చాటుగా ఇలా రాశాను:

"@సులోచనటీచర్ ఈసారి కూడా ఆ పై స్వరం దగ్గర కుక్కర్ విజిల్ వేస్తుంది చూడు. ఎవరో ఒకరు చెప్పి ఆమెను కూర్చోబెడితే బాగుండు."

'వేస్తారు' కాదు, 'వేస్తుంది'. గమనించారు కదా. చాటున మన మర్యాద అంతే.

రెండు నిమిషాల్లో శామ్యూల్ ఫోన్ చేశాడు.

"అరే, గిదేందిరా? నాకు పంపినవా, టీచర్‌కు పంపినవా?"

"నీకే."

"మరి ఈడ ఇద్దరి పేర్లున్నయి. నువ్వే చెప్పినవ్ గదా, నాలుగో రూలు."

గోడలకు చెవులుంటాయంటారు. నేను కట్టిన గోడకు చెవులతో పాటు పోస్టుమాన్ కూడా ఉన్నాడు. వెంటనే ఉత్తరం కొట్టేశాను. మా ఫోరంలో పోయింది.

"పోయిందిరా," అన్నాను.

"నీ దాంట్ల పోయింది. గుంటూరు దాంట్ల ఉంటది గదా. జెర వాళ్లకు ఫోన్ చెయ్యి."

గుంటూరు ఫోరం చూసుకునే మోజెస్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. నిదానస్తుడు.

"ఏ ఉత్తరం బాబూ?"

"ఇందాక వచ్చింది సార్. మీరు చదవక్కర్లేదు, తీసేస్తే చాలు."

"చదవకుండా ఏది తీయాలో ఎలా తెలుస్తుందయ్యా? ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ."

పెట్టుకున్నారు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ పైకి చదివారు. 'కుక్కర్' దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదివారు. వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎవరి గురించండీ అది?"

"మీ సులోచన గురించే. ఎవరో సికింద్రాబాద్ పిల్లాడు రాశాడు."

"వాడి పేరేంటో కనుక్కోండి."

శామ్యూల్ పేరు చెబుదామా అని ఒక క్షణం ఆలోచించాను. మీ దగ్గర దాపరికమెందుకు, రెండు క్షణాలు ఆలోచించాను.

"తీసేయండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"నాకూ తీసేయాలనే ఉంది బాబూ. ఆరో రూలు ఒప్పుకోదు. టీచర్ గారు సరేనంటే తీస్తాను. ఎవరు రాశారో గానీ మంచి రూలు. ప్రింటు తీసి గోడకు అంటించుకున్నాం."

గురువారం ప్రాక్టీసుకు సులోచన టీచర్ రాలేదు. గుడ్‌ఫ్రైడే పాటకు ఇంకెవరినైనా చూసుకోమని ఆవిడ ఫోన్ చేశారని మా లీడర్ చెప్పారు. నేను కోరుకున్నదే జరిగింది. ఆ సాయంత్రం నా నోట ఒక్క చరణం కూడా సరిగ్గా రాలేదు. శామ్యూల్ నా వైపు చూడకుండా పాడాడు.

మర్నాడు పొద్దున్నే మారేడ్‌పల్లిలో టీచర్ ఇంటి తలుపు కొట్టాను. దారిపొడుగునా అబద్ధాలు సాధన చేసుకుంటూ వెళ్లాను. ఫోన్ ఎవరో హ్యాక్ చేశారని ఒకటి, అది వేరే సులోచన గురించని ఇంకొకటి. ఆవిడ టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"టీచర్, ఆ ఉత్తరం..."

"చదివాను. విజిల్ అన్నావు గానీ, ఎన్నో విజిల్ అని రాయలేదు."

సాధన చేసుకొచ్చిన అబద్ధాల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు.

"మూడేళ్లుగా ఆ స్వరం అందట్లేదని నాకు తెలుసు బాబీ. ఎవరైనా చెబుతారేమోనని చూశాను. పోయినేడు పాట అవ్వగానే నువ్వే పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, అద్భుతంగా పాడారు టీచర్ అన్నావు. నువ్వన్నావు కదా అని నమ్మాను."

అంతకుముందు సిగ్గంటే ఏమిటో నాకు తెలుసనుకునేవాణ్ని. తెలియదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది. ఆవిడ తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

"తప్పయిపోయింది టీచర్. మీరు సరేనంటే మోజెస్ గారు దాన్ని తీసేస్తారు."

"ఉండనీ. ఆ పాట గురించి నాకెవరైనా నిజం చెప్పింది అందులోనే."

"మీరు పాడాలి టీచర్. మీరు పాడకపోతే నేను క్వయర్ మానేస్తాను."

"నువ్వు మానేస్తే క్వయర్‌కు లాభమేనేమో," అన్నారు. మొదటిసారి కొంచెం నవ్వారు. "శ్రుతి దించుకుని పాడటం ఇన్నాళ్లూ నామోషీ అనిపించేది. నీ ఉత్తరం చదివాక ఆ నామోషీ కాస్తా పోయింది. ఇంక పోవడానికేముంది?"

ఆ పై వారం గుడ్‌ఫ్రైడే రోజు శ్రుతి రెండు మెట్లు దించి పాడారు. చివరి స్వరం నిండుగా అందింది. శామ్యూల్ కళ్లు తుడుచుకున్నాడు. రెండు మెట్లు దించితే సరిపోయేదానికి నేను మనిషినే దించేద్దామనుకున్నాను.

తరవాత 'మన గల్లీ' సభ్యులంతా సమావేశమై, అడ్మిన్ మీద ఒక కన్ను ఉండాలని తీర్మానించి, మోడరేటర్ పదవికి ఓటింగ్ పెట్టారు. నేనూ నిలబడ్డాను. నాకు ఒక ఓటు వచ్చింది, అది నాదే. మిగతావన్నీ, ఖాతా గుంటూరులో ఉన్నా సరే, సులోచన టీచర్‌కే. ఇప్పుడు నేను ఏం రాసినా ముందు ఆవిడ చూడాలి.

ఈ వ్యాసం కూడా ప్రింటు తీసి పట్టుకెళ్లి చూపించాను. ఆఖర్న నేను చేసిన ప్రమాణం ఇది: ఇకమీదట ఏ మనిషి గురించి ఏం చెప్పాల్సి వచ్చినా ఆ మనిషి ముందే చెబుతాను, ఆ ధైర్యం లేనినాడు చాటున నోరెత్తనని దేవుని సాక్షిగా, క్వయర్ సాక్షిగా, గుంటూరు ఫోరం సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. దీని పక్కన ఆవిడ ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. దాని కిందే, 'టీచర్ పెద్ద మనసుతో నన్ను క్షమించారు' అని ఇంకో వాక్యం రాశాను. దాన్ని మాత్రం అడ్డంగా కొట్టేసి, పక్కన 'తొందరపడకు' అని రాశారు.