గరళప్ప మాస్టారి అసలు పేరు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని నాకు ఈ హిందీ ఊళ్లో మా తెలుగు సంఘం బోర్డు చూస్తే తెలిసింది. 'గరళప్ప మాస్టారు ఇక లేరు. అంతిమయాత్ర రుఆబాంధా క్వార్టరు నుంచి, పది గంటలకి.' చదవగానే ఒళ్లు మండింది. గరళప్ప ఆయన పేరు కాదండీ. మా సంఘం నాటకంలో విలన్ పేరు.

ఏటా ఉగాదికి అదే నాటకం వేసేవారు. విలన్ వేషమంటే అందరూ తప్పుకునేవారు. ఆ పేరు స్టీల్ ప్లాంటులో షిఫ్టుకెళ్లినా వదలదు, బళ్లో పిల్లల్నీ ఏడిపిస్తారు. మాస్టారికి పిల్లల్లేరు. "నానేస్తానొరే, నాకేటి పోద్ది? విలనే లేపోతే మీ హీరోని ఎవడు సూస్తాడు?" అనేవారు.

మేం పదో తరగతిలో ఉండగా ఓరోజు చెప్పారు, ఇంగ్లీషువాళ్లు కథలో దుర్మార్గుడి పేరుకి 'ఇయన్' అని చిన్న తోక తగిలించి విశేషణం చేసేస్తారని. అలాంటి బుద్ధి ఎవరికున్నా ఆ మాటే వాడతారట. నేను లేచి, "అయితే మీది గరళప్పియన్, సార్" అన్నాను. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. సాయంత్రానికి ఊరి చివర మరోదా దాకా పాకింది ఆ మాట.

ఆ ఏడాదే అర్ధసంవత్సరం పరీక్షలో మాస్టారు ఒకణ్ని కాపీ కొడుతుండగా పట్టుకున్నారు. మన నాటకం హీరోగారి సుపుత్రుడే. హీరోగారు తన కొడుకుని కావాలని ఇరికించాడని ఊరంతా తిరిగి చెప్పి, "గరళప్పియన్ బుద్ధి ఎక్కడికి పోద్ది?" అన్నాడు. జనం నమ్మారు. అప్పణ్నుంచి అది వేళాకోళం కాదు, తిట్టు. వాడు కాపీ కొట్టడం పక్క బెంచీలోంచి నేను చూశాను. నోరెత్తలేదు. నా నోరు పడిపోను, అవసరం లేనప్పుడు మాత్రం లేచింది.

"ఇదేటండి, ఆయన పేరు రాయరా?" అని బోర్డు దగ్గరున్న సంఘం సెక్రటరీగారి మీద లేచాను.

"ఆ పేరు రాస్తే ఎవలికి తెలుస్తాదమ్మా? ఛోడో నా, వదిలేయ్."

బోర్డు తుడిచేశాను. సుద్దముక్క తీసుకున్నాక చెయ్యాగిపోయింది. మాస్టారనే తప్ప, ఆయన పేరేటో నాకూ తెలీదు.

ఇంటికి పరిగెత్తి ట్రంకుపెట్టెలోంచి పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు తీశాను. "సంతకమంటే సదవడానికమ్మా, దాక్కోడానికి కాదు" అనేవారాయన. ఆయన సంతకం ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా ఉంది. దానికి పైన, నడవడిక గడిలో, 'మంచిది' అని రాశారు. నాకు. ఆ ఏడాదే.

తిరిగొచ్చి పేరు పెద్దక్షరాలతో రాశాను. ఒకాయన సైకిలు దిగి చదివి, "ఈయనెవలమ్మా?" అన్నాడు. గరళప్ప అంటేగాని తెలీదాయనకి. సుద్దముక్క నా పిడికిట్లో పొడైపోయింది గాని, ఆ మాట మాత్రం అనలేదు.