ముందు అవతలివాళ్ల భయం

అమలాపురం కోర్టు వరండాలో వకాల్తా మీద సంతకం పెడుతుంటే గుమాస్తా గారు వచ్చి, "మేడమ్ గారు మనల్నొదిలి వెళ్లిపోయేరమ్మా" అన్నారు. సంతకం పూర్తి చేసి, అప్పుడు కూర్చున్నాను. పని మధ్యలో వదిలితే ఆవిడకు నచ్చదు.

ఆవిడ మా సీనియర్ లాయరు గారు. అంతకు ముందు ఢిల్లీలో చాలా ఏళ్లు ప్రభుత్వ నిఘా విభాగానికి న్యాయ సలహాదారుగా పనిచేశారు. ఎవరి ఫోను వినాలన్నా, అది చట్టానికి లోబడి ఉందో లేదో ఆవిడ చూసేవారట. అంతకుమించి చెప్పలేదు. అడిగితే, "అక్కడ మన కొబ్బరి బోండాం దొరికేది కాదమ్మా" అని తప్పించేవారు. ఇక్కడ రోజుకొకటి తాగేవారు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీస్తారు. ఖాకీ బట్ట కనిపిస్తే పక్కకు తప్పుకునే ఇల్లు మాది. ఓడలరేవు కేసులో మా వాదన ఆ భయంతోనే రాశాను.

అక్కడ సముద్రంలో చేపల వేటకు వెళ్లే ఒకతను, తమ్ముడికి అప్పగించబోయే పడవకు రంగు వేసి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో వెనుక ఉన్న గ్యాస్ ప్లాంటు కంచె కూడా పడింది. ప్లాంటు గేటు దగ్గరి ఖాకీ బట్టల గార్డు రిపోర్టు ఇస్తే పోలీసులు ఫోను తీసుకుని, దేశభద్రత అంటూ కేసు పెట్టారు. కేసు తేలకపోతే, భార్య ఉన్న కువైట్‌లో అతనికి కుదిరిన పని పోతుంది.

గార్డు అబద్ధాలకోరని రాశాను. ఆవిడ చదివి కళ్లజోడు తీశారు.

"అతను అబద్ధమాడేడని నీకెవరు చెప్పేరమ్మా?"

"మనవాడేనండి."

"మనవాడు భయపడ్డాడు. గార్డూ భయపడ్డాడు. రేపు అక్కడేదైనా జరిగితే ముందు అతన్నే అడుగుతారు." తెల్లకాగితం మధ్యకు మడిచి ఇచ్చారు. "ఎడమపక్క అవతలివాళ్ల భయం రాయి. అదయ్యాకే మనది."

ఢిల్లీలోనూ ప్రతి ఫైలుకూ అలాగే మడిచేవారట. రాస్తుంటే నాకు తట్టింది: గార్డును ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. అతని వాంగ్మూలం మళ్లీ తీసుకోమని అర్జీ పెట్టాం.

"పొద్దున్నించీ రంగేస్తున్నాడండి. పెళ్లానికి చూపించాలన్నాడు. ఆ మాట నన్నెవరూ అడగలేదండి" అన్నాడు గార్డు.

కేసు మూసేశారు. ఆ ఉత్తర్వు చూసి ఆవిడ "ఆయ్" అన్నారు, అంతే. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఖాకీ బట్ట లోపల కూడా మనిషి కనిపిస్తున్నాడు.

పెద్దకర్మ రోజున ఓడలరేవు నుంచి ఒక బండి వచ్చి ఆవిడ ఇంటి ముందు ఆగింది. నడిపింది గార్డు. వెనుక కూర్చున్నది వచ్చే వారం కువైట్ వెళ్లే పడవతను. ఇద్దరి మధ్యా, రాలిపోకుండా చేతులతో అదిమి పట్టుకున్న బోండాల గెల.