ఫొటోలో నా గొడుగు

క్యాంటీన్ పెట్టడానికి మావారు హౌరాలోని సంత్రాగాఛిలో ఉన్న మా రెండంతస్తుల ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టారు. క్యాంటీన్ మూతపడింది, వాయిదాలు ఆగిపోయాయి. ఇల్లు వేలం వేస్తామంటే మేం ఎదురు చెప్పలేదు. మంచి ధర వస్తే, అప్పు పోగా మిగిలినదానితో ఏదో ఒక అద్దె ఇంట్లో నిలదొక్కుకోవచ్చనుకున్నాం.

బ్యాంకు ఆఫీసరు మా శ్రీకాకుళం వాడే. నన్ను నోరారా పిన్నీ అని పిలిచేవాడు. ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని అతను వచ్చిన రోజు వీధంతా మోకాలి లోతు వాన నీళ్ళు.

"ఏటి బాబూ, రెండ్రోజులాగితే నీళ్ళు లాగేస్తాయి గదా, అప్పుడు తీయకూడదా?" అన్నాను.

"ఇవి ఫైల్లో పెట్టుకోడానికే పిన్నీ. అమ్మేటప్పుడు మంచివి తీయిస్తాను" అన్నాడు.

నమ్మాను. ఇద్దరికీ టీ ఇచ్చాను. కెమెరా తడవకుండా గొడుగు కూడా పట్టాను.

తీరా వేలం ప్రకటనలో ఆ ఫొటోనే వేశారు. పై అంతస్తు మాటే రాయలేదు. పాటకు ఒక్కడే వచ్చాడు. పక్కిల్లు అమ్ముడైన ధరలో సగానికే మా ఇల్లు పోయింది. మా చేతికి ఏమీ మిగల్లేదు.

వెళ్ళి అడిగితే ఆఫీసరు తలెత్తలేదు. "మా అప్పు తీరిపోయింది గదా పిన్నీ, ఇంకేటి?" అన్నాడు.

అమ్మే హక్కు బ్యాంకుకి ఉంది, కాదనను. తన సొంత ఇల్లయితే అతను అలా అమ్ముకునేవాడా?

ఆ ప్రకటన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో పై అంతస్తు కనిపించాల్సిన చోట, అడ్డంగా నా గొడుగే ఉంది.

- రమణమ్మ, హౌరా