ససేమిరా పెదనాన్న, నాలుగు సాక్ష్యాలు

ససేమిరా పెదనాన్నకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కొనడానికని షాపుకి వెళ్ళి, షాపువాణ్ణి కడిగిపారేసి, ఉత్త చేతులతో ఇంటికి రావడం. ఆ ఉత్త చేతుల్ని చూసుకుని, ఇంకొకరు బంగారు గాజులు చూసుకున్నంతగా మురిసిపోయేవాడు.

తప్పు పూర్తిగా ఆయనది కాదు. బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బతుకంతా బోల్టుల్లో వంకలు వెతికిన మనిషికి లోకం మొత్తం సరిగ్గా బిగించని బోల్టులాగే కనిపిస్తుంది. ఆయన గొడుగు కొనడానికి బయల్దేరినప్పుడు వానలు అప్పుడే మొదలయ్యాయి. ఒక గొడుగుకి ఊచలు పల్చన, ఇంకోదానికి పిడి జారుడు. మూడోది విప్పి చూసి, "ఇది గొడుగా, గబ్బిలమా?" అని షాపతన్ని నిలదీశాడు. చివరికి అద్దంలా మెరిసే ప్లాస్టిక్ గొడుగు ఒకటి నచ్చి ఇంటికి తెచ్చేసరికి వానలు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత కూడా దాన్ని ఒక్క చుక్క తడవనివ్వలేదు. వాన పడితే గొడుగుని చొక్కా లోపల దాచుకుని, తను తడుస్తూ వచ్చేవాడు. "ఇంత వెతికి కొన్నది తడపడానికా?" అనేవాడు పైగా.

అలాంటి మనిషిని తోడిచ్చి, తమ్ముడు తన కూతుర్ని కట్టింగ్ మిషన్ కొనుక్కోమని పంపాడు. దొంగకి తాళాలిచ్చినా ఏదో ఒకటి ఇంటికొస్తుందేమో గానీ, ససేమిరా పెదనాన్నని షాపింగుకి పంపితే రాదు.

ఆ పిల్లకి అక్షరాల పిచ్చి. గుమాస్తా ఉద్యోగం మానేసి, స్టిక్కర్ అక్షరాలు కోసి అంటించే పని మొదలుపెడతానంది. కంప్యూటర్లో రాసిన మాటని ఈ మిషన్ చిన్న బ్లేడుతో వినైల్ అనే స్టిక్కర్ షీటు రోలు మీద కోస్తుంది. చుట్టూ ఉన్నది పీకేస్తే మాట మిగులుతుంది. దాన్ని గాజుకో గోడకో అంటించడమే. పక్క వీధిలో కొత్తగా పెడుతున్న పసిపిల్లల బడి టీచరమ్మ, గాజు తలుపు మీద రాత వేయమని మొదటి పని ఇచ్చింది. పసుపు రంగు రోలు కూడా కొన్నారు. సోమవారం పొద్దున బడి తెరుస్తారు. "ఆ తలుపు మీద అక్షరాలు పడితే నీ ఇష్టం, పడకపోతే మళ్ళీ గుమాస్తా కుర్చీయే" అని తండ్రి తేల్చేశాడు. అన్నీ ఉన్నాయి, మిషన్ ఒక్కటే లేదు.

"ఆ రోలు ఇటియ్యి, నీ రాత ఉన్న పెన్‌డ్రైవ్ కూడా ఇయ్యి" అన్నాడు పెదనాన్న, రోలు చంకలో పెట్టుకుని. "వాళ్ళ సరుకు మీద వాళ్ళ మిషన్ బాగానే కోస్తుంది. అత్తగారింట్లో అల్లుడు బుద్ధిమంతుడే కదా. మన సరుకు మీద కోయమందాం."

ఆదివారం పొద్దున మొదటి షాపులో అడుగు పెట్టగానే గొడవ సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది. తెర మీద అక్షరం ఒకచోట, దాని ఒత్తు ఇంకోచోట.

"ఏమయ్యా, తల్లి కింద పిల్లని ఉంచడం కూడా చేతకాదా నీ సాఫ్ట్‌వేర్‌కి?"

"దగ్గరికి జరపొచ్చు సార్."

"జరిపితే? రెండూ ఆనుకున్న చోట బ్లేడు అడ్డంగా గీత కోస్తుంది కదా. అక్షరం మధ్యలో గాటు. నీ పేరుని ఇలా నరికితే ఊరుకుంటావా?"

"రెండింటినీ కలిపి ఒకే బొమ్మ చెయ్యాలి సార్. అది నేర్చుకోవాలి."

"మరి ఆ సంగతి అట్టపెట్టె మీద రాయలేదేం? పెట్టె మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ వేశారు. ఆవిడెందుకు నవ్వుతోంది, దీన్ని కొనలేదనా?"

జనం తిరిగి చూస్తున్నారు. పిల్ల సిగ్గుతో బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. చాలాసేపటికి పెదనాన్న ఒక కాగితం చుట్ట పట్టుకుని వచ్చాడు.

"ఏంటది?"

"సాక్ష్యం. ఎంత వంకరగా కోశాడో దాచిపెడుతున్నా. ముట్టుకోకు."

రెండో షాపులో మిషన్ ముద్దుగానే ఉంది గానీ, సాఫ్ట్‌వేర్ నెలనెలా డబ్బు కడితేనే తెరుచుకుంటుందట. "కత్తిపీట కొన్నాక కూరగాయ కోసినప్పుడల్లా కమ్మరికి కప్పం కట్టాలా?" అని పెదనాన్న బల్ల గుద్దాడు. పిల్ల బయటికి. ఇంకో సాక్ష్యం.

మూడో షాపు కుర్రాడు ఏకంగా మంచమంత మిషన్ చూపించాడు.

"మేడమ్ గారికి ఇదే కరెక్టండి. రేపు పెద్ద పనులొస్తే?"

"రేపు ఏనుగొస్తుందని ఇవాళే అంబారీ కొనమంటావా? మా అమ్మాయి గాజు తలుపు మీద నాలుగు మాటలు రాయాలయ్యా, లారీకి చొక్కా కుట్టదు."

మళ్ళీ మెట్లు. మళ్ళీ సాక్ష్యం.

నాలుగో షాపు ఒకావిడది. జడ ముడి వేసుకుని, కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని కూర్చుంది. "కొత్తగా మొదలెడుతున్నావా అమ్మా? అయితే బల్ల మీద పట్టే ఈ చిన్నది చాలు" అంది. సాఫ్ట్‌వేర్ మిషన్‌తోనే వస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. "ముందు ఎప్పుడూ చిన్న చదరం కోసి చూసుకో. పై పొర తెగాలి, కింది కాగితం తెగకూడదు. అది కుదిరాకే అక్షరాలు" అని ఓపిగ్గా చెప్పింది.

పెదనాన్న ముఖం కందగడ్డయింది. తప్పు దొరకని షాపులో ఆయనకి ఊపిరాడదు. "ఇంత చిన్న మిషన్‌కి ఇంత పెద్ద వైరెందుకమ్మా? ఉరేసుకోవడానికా?" అని అందుకున్నాడు.

"పెదనాన్నా, ఇది తీసుకుందాం" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

"ససేమిరా."

ఆ మాటతో ఆమె విసురుగా బయటికెళ్ళి, ఒక్కతే ఇంటికొచ్చేసింది.

సాయంత్రం ఆయన వాకిట్లోకి వస్తూనే పిల్ల విరుచుకుపడింది. "గొడుగుకి పట్టినంత కాలం నాకు లేదు పెదనాన్నా. రేపు పొద్దున ఆ టీచరమ్మకి ఏ మొహం పెట్టుకుని కనిపించను? నీకు షాపువాళ్ళ మీద గెలవడం కావాలి. నేను ఓడిపోయినా నీకు పట్టదు."

పెదనాన్న చంకలోంచి నాలుగు చుట్టలు తీసి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి విప్పాడు. పసుపు రంగు, ఒకే ఎత్తు, ఆమె దిద్దుకున్న అక్షరాలు. ఒక్క ఒత్తు చెదరలేదు.

చెప్పులు. బయట. అల్లరి. లోపల.

టీచరమ్మ తలుపు మీద పడాల్సిన రాత, షాపుకో మాట చొప్పున.

"వంకరన్నావుగా" అంది పిల్ల.

"వంకరే. రెండో మాటలో ట కొంచెం అలిగినట్టుంది. చూసుకో" అన్నాడు పెదనాన్న, ఎటో చూస్తూ. "గడువు మెడ మీద కూర్చున్నవాడికి ఎవడైనా మంచమంత మిషనే అమ్ముతాడు. ముందు గడువుని దింపాలనుకున్నా. ఇప్పుడు నీకిష్టమైంది తీరిగ్గా కొనుక్కో. వీటిని టేపుతో ఎత్తి తలుపుకి అంటించడం నీ పని. నాకు చేతకాదు, నేను బోల్టుల మనిషిని."

సోమవారం తలుపు మీద అక్షరాలు పడ్డాయి. పిల్లలు చెప్పులు బయట వదిలారు, అల్లరి సంగతి చదవకుండానే పాటించారు. పిల్ల ఆ మధ్యాహ్నమే నాలుగో షాపుకి పరుగెత్తింది. ఆవిడ బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి ముందు పెట్టింది.

"పక్కన పెట్టమని మీ పెదనాన్న నిన్ననే చెప్పి వెళ్ళారు."

"మిమ్మల్ని అన్ని మాటలన్నాక కూడానా?"

"కోయడానికి కూలి నువ్వు లోపలికి రాకముందే ఇచ్చారమ్మా. తర్వాత తిట్టుకోవచ్చా అని అడిగారు. పిల్ల ఇక్కడే ఉంటే కంగారులో ఏదో ఒకటి కొనేస్తుంది, బయటికెళ్తే గానీ కోయించడం కుదరదన్నారు." ఆవిడ కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి దించి తుడుచుకుంది. "కానీ వైరు గురించి అన్నది మాత్రం మనస్ఫూర్తిగానే అన్నారు."

పిల్ల మిషన్ ఇంటికి తెచ్చి, చిన్న చదరం కోసి చూసుకుని, మొదటి మాటగా "ససేమిరా" అని కోసింది. పెదనాన్న నిద్రలో ఉండగా ఆయన గొడుగు మీద అంటించింది. లేచాక ఆయన దాన్ని గోటితో గీకి చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు, బుడగ కోసం వెతికాడు. "స లావుగా ఉంది" అని గొణిగి లోపల పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చిన మొదటి వానకి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూసింది. ససేమిరా పెదనాన్న గొడుగు విప్పి పట్టుకుని, ఏ పనీ లేకుండా, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తున్నాడు. అక్షరాలు అందరికీ కనిపించేలా గొడుగుని మరీ ముందుకి వంచి పట్టుకున్నాడేమో, వీపు మాత్రం ఎప్పటిలాగే తడిసిపోయింది.