కాక చదవమన్న పేజీ

కాక పోయారన్న కబురు మొన్న సోమవారం పొద్దున మా కవుల ఫోన్ గ్రూపులో పడింది. పది నిమిషాలు తిరక్కముందే దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. అంతకు రెండు వారాల ముందు, తన కవిత పత్రికలో అచ్చయిందని కాక ఆ పేజీ ఫొటో పెడితే, ఇవే వేళ్లు ఇంతే వేగంగా పూల బొమ్మలు పెట్టాయి. తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. ఆ వేళ్లలో నావీ ఉన్నాయి.

గోదావరిఖనిలో ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశారు. నాకు చుట్టం కాదు. నేను డ్యూటీలో చేరిన మొదటి రోజు నా చేయి పట్టుకుని బాయి లోపలికి తీసుకెళ్లిన మనిషి. కవిత్వంలోకీ అలాగే తీసుకెళ్లారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసేవారు. రిటైరయ్యాక కూడా, పత్రిక తెరిచే ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేవారు. ఇంకా ఎక్కడి మసి అని ఆయన భార్య, మా చిన్నమ్మ నవ్వేది.

ఫోన్ గ్రూపు లేని రోజుల్లో మాకొక కట్టుబాటు ఉండేది. ఎవరి కవిత అచ్చయినా మొదటి షిఫ్టు దిగాక చౌరస్తా దగ్గర చాయ హోటల్లో కలవాలి. కవి లేచి నిలబడి చదవాలి. మిగతావాళ్లు ఒక్క తప్పయినా పట్టాలి. పట్టనివాడికి చాయ లేదు. ఆ నియమం పెట్టింది కాకే. "మెచ్చుకునుడు పక్కకు పెట్టుర్రి. ముందుగాల సదువుర్రి," అనేవారు. ఒకసారి నేను చీకటిని సముద్రమని రాస్తే, "సముద్రం ఎన్నడు చూసినవ్‌రా నువ్వు? బాయిల చూసింది రాయి," అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ మాట కొట్టేశాను.

ఫోన్లు వచ్చాక హోటల్ దగ్గర కలవడం ఆగిపోయింది. నిలబడి చదివే పని తప్పింది, కూర్చుని వినే పని అంతకన్నా హాయిగా తప్పింది.

ఆయన కవిత వచ్చిన రోజు నేను "అద్భుతం కాకా" అని పెట్టాను. చదవలేదు. ఫొటో పెద్దది చేసి చూడడానికి కూడా బద్ధకించాను. మధ్యాహ్నం రెండో షిఫ్టుకు బయల్దేరుతుంటే కాక ఫోన్ చేశారు.

"సదివినవా బిడ్డా?"

"సదివిన కాకా. మస్తున్నది."

"ఏ కాడ మంచిగనిపించింది?"

దొరికిపోతానేమోనని, ఏ కవితకైనా సరిపోయే జవాబు చెప్పాను. "ఆఖర్ల కాకా. ఆఖరు మాటలు మనసుల పడ్డయి."

కొంచెంసేపు ఆయన దగ్గే వినిపించింది. "సరే తియ్యి. డ్యూటీకి యాళ్లయితంది, జల్ది పో," అని పెట్టేశారు. మేమిద్దరం మాట్లాడుకున్నది అదే చివరిసారి.

నిన్న కాలనీ కమ్యూనిటీ హాల్లో సంతాపసభ పెట్టారు. మా గ్రూపు పెద్దాయన ఫోన్‌లో చూసి కాక కవిత చదివారు. బాయి చీకటి, తట్ట, చెమట, పైకెక్కి రావడం, అంతే. "ఎంత గొప్ప ముగింపు," అని కళ్లద్దాలు తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు.

ముందు వరసలో చిన్నమ్మ తలెత్తింది. ఆమెకు చదువు రాదు.

"అయిపోలే బిడ్డా. ఇంక నాలుగు మాటలున్నయి," అని, కూర్చున్నచోటే చెప్పింది.

"గల్లీ మొదట్ల నేను దగ్గితే
ఇంట్ల ఆమె పొయ్యి ముట్టిస్తది.
బాయి నన్ను ఇయ్యాల గూడ ఇడిసిపెట్టిందని
అందరికన్న ముందు ఆమెకే ఎరుక."

ఆమె పప్పు ఏరుకుంటూ ఉంటే, రాసిన ప్రతి మాటా కాక ముందు ఆమెకే వినిపించేవారట.

"గవి పత్రికోళ్లు కోసిండ్రట," అంది. "నా దోస్తులు చూస్తరు, ఎందుకు కోసిండ్రని పత్రికోళ్లను అడుగుతరు అన్నడు. దినాం ఫోన్ చూసుకున్నడు."

జాగా చాలక కోసి ఉంటారు. ఇంతా చేసి కోసింది ఆమె ఉన్న ముక్కనే. వాళ్లను కడిగిపారేయాలని ఉంది, కానీ ఏ మొహంతో? ఉగాదినాడు ఇదే హాల్లో కాక ఆ కవిత మొత్తం చదివితే మేమంతా తలలూపాం. ఒక్కరం విని ఉన్నా, ఒక్కరం ఆ పేజీ చదివి ఉన్నా తెలిసేది. నేను మెచ్చుకున్న ఆఖరు మాటలే పేజీలో లేవు. నేను చదవలేదని కాకకు ఆ ఫోన్‌లోనే తెలిసిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

హాల్లో ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. పేజీని పెద్దది చేసి, కిందికి జరుపుకుంటూ వెతికారు. కవిత ఆగినచోట, సరిగ్గా నాలుగు పంక్తులంత జాగాలో, ఒక చీరల దుకాణం ప్రకటన ఉంది.

చిన్నమ్మ నా ఫోన్‌లోకి వంగింది. "ఏడ కోసిండ్రు? చూపియ్యి బిడ్డా."

చూపించాను. ఆమె అక్కడ వేలు ఆనించింది, ఇంకోసారి ఆనించింది. చీర కట్టుకున్న అమ్మాయి నవ్వు తెరనిండా పెద్దదయింది.