ఐలవ్వ ఊనిన తోలు

పచ్చి తోలును తంగేడు బెరడు చెక్క వేసిన నీళ్లలో నానబెట్టి, కుళ్లకుండా పదును పట్టేలా ఊనడం చందుర్తిలో ఐలవ్వ ఒక్కదానికే తెలుసు. హైదరాబాద్‌లో శిల్పం చదివి వచ్చిన మనవరాలు కృపారాణి ఆ పని నేర్పమని అడిగితే, ముసలామె ముందు నవ్వి, తర్వాత తిట్టింది.

"గా కంపుల నుంచి బయటపడాల్ననే గద నిన్ను సదివిచ్చింది. మల్ల గండ్లనే దిగుతవా?"

అయినా నేర్పింది. ఇరవై రోజులు తొట్టి పక్కనే కూర్చుని, చెక్క ఎప్పుడు మార్చాలో తోలును తడిమి చెప్పింది.

ఆ బర్రె తోలుతో, వెదురు చట్రం మీద కృపారాణి ఐలవ్వ బొమ్మనే చేసింది. గొంతుకూర్చుని, కత్తితో తోలు గీకుతున్న మనిషి. సిరిసిల్లలో కొత్తగా కట్టిన ఒక ఆఫీసు హాల్లో పెడతామని ఉత్తరం వస్తే, ఐలవ్వ క్రిస్మస్ చీర తీసి ఉతికించుకుంది.

ప్రారంభోత్సవానికి కృపారాణి ఒక్కదాన్నే పిలిచారు. ఆ రోజు, పూజకు ముందు, ఇది దేనితో చేశారని ఎవరో అడిగారు. కృపారాణి చెప్పింది. సూపరింటెండెంట్ పరశురాములు ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకున్రి మేడం. పూజ అయ్యేదాంక ఎనుక పెట్టిస్త."

ఇద్దరు మనుషులు ముక్కులకు దస్తీలు కట్టుకుని బొమ్మను బండ్ల షెడ్డులోకి మోశారు. దానికి ఏ వాసనా లేదు.

మళ్లీ లోపలికి తేలేదు. నాలుగో రోజు, కృపారాణి వద్దన్నా వినకుండా ఐలవ్వ ఆ చీర కట్టుకుని ఆమె వెంట బస్సెక్కి వచ్చింది. ప్రారంభోత్సవం భోజనాల ఎంగిలి విస్తర్లు షెడ్డు పక్కనే పారేశారు. వాటికోసం వచ్చిన కుక్కలు బొమ్మ మోకాళ్లు, ఒక చెయ్యి పీకేశాయి.

చిరిగిన అంచును ఐలవ్వ రెండు వేళ్లతో నలిపి చూసింది.

"చెక్క తక్కువేసిన గావచ్చు బిడ్డా."

"నీ తప్పుగాదు అమ్మమ్మా. ఎంగిలికి అచ్చినయి."

"నాకు జెప్పకు. నేనూనిన తోలు ఎన్నడు కుక్క ముట్టలే."



వారం తర్వాత పరశురాములు ఫోన్ చేశాడు. "గదే బొమ్మ ఫైబర్ల జేసియ్యున్రి మేడం. సార్లకు మస్తు నచ్చింది. చేతుల కత్తి మాత్రం వద్దు, చాట పెట్టున్రి."

కృపారాణి ఫోన్ పెట్టేసింది. మర్నాడు తనే ఫోన్ చేసి సరేనంది. అమ్మమ్మ ముఖమన్నా ఆ హాల్లో ఉంటుందనుకుంది. చేసిచ్చాక, కింద పలక మీద 'బియ్యం చెరిగే పల్లె మహిళ' అని రాయించారు. సంగతి చెబితే ఐలవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు కృపారాణి కోరుట్లలో ఫంక్షన్ హాళ్ల గేట్లకు ఫైబర్ ఏనుగులు చేస్తోంది. సిరిసిల్ల ఆఫీసు షెడ్డులో మిగిలిన తోలు ముక్కలు ఏమయ్యాయో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.